హెచ్చరిక యను మాట



గడచిన మాసమున పుంగనూరు ప్రాంతమునుండి యొక చెల్లెలు నాకు జాబు వ్రాసినది. ఆమె భర్త టొమాటో పండించి మదనపల్లె మార్కెట్టునకు తోలెను. ధర పడిపోయి బండి బాడుగకైనను చాలకపోగా, పెట్టెలలోని కాయలు దారి ప్రక్కనే క్రుమ్మరించి యింటికి వచ్చెనట. అప్పు మాత్రము మిగిలినది. ఆ వారముననే సంఘములోని యిద్దరు పెద్ద స్త్రీలు వచ్చి, పరచిన చాపమీద కూర్చుండకయే, దశమభాగము సరిగా నిచ్చుచున్నావా, మనసులో దాచిన పాపమేమైన నున్నదేమో చూచుకొంటివా యని యడిగి, ప్రార్థన చేసి వెడలిపోయిరి. "అక్కా! నన్ను హెచ్చరింప వచ్చితిమని వారనిరి. అప్పటినుండి ఆదివారము ఆరాధనకు పోవుటకు నాకు కాళ్లాడుట లేదు" అని వ్రాసినది.

ఈ జాబు చదివి నేను సిగ్గుపడితిని. ఏలయన నేనును అట్టి హెచ్చరికలు చేసినదాననే. చాలకాలము క్రిందట క్షయ సోకిన యొక చిన్నదానిని చూడబోయి, విశ్వాసము గట్టిగా నుండిన దగ్గు ఈపాటికి తగ్గెడిదే యంటిని. ఆమె మారుమాట పలుకక గోడవైపు తిరిగి పరుండెను. ఆ వీపు నాకిప్పటికిని కనబడుచునే యున్నది.

ఈ హెచ్చరిక యను మాటను గూర్చి కొంత చెప్పవలయును. మన తెలుగు బైబిలులో బర్నబా యను పేరునకు హెచ్చరిక పుత్రుడని యర్థము చెప్పబడినది. ఆ బర్నబా యెవరినైన బెదరించెనా? తన పొలమమ్మి ఆ సొమ్ము బీదలకై యిచ్చెను. అందరును సౌలును చూచి జంకుచుండగా, తానే చేయిపట్టి అపొస్తలుల యొద్దకు తోడుకొనిపోయెను. గ్రీకు మూలమున నున్న ఆ మాటకు బుద్ధి చెప్పుట, ధైర్యము చెప్పుట, ఓదార్చుట యన్నియు నర్థములే. పరిశుద్ధాత్మకు మనము వాడు ఆదరణకర్త యను పేరును ఆ ధాతువునుండి వచ్చినదే. తెలుగులోనైనను వెనుకటివారు ఈ మాటను గద్దింపునకే కట్టిపెట్టలేదు. దేవుని ఊరేగించి మెల్లగా లోనికి తోడుకొని వచ్చునపుడు పాడు పాటకు హెచ్చరిక యని పేరుండెడిది. అడుగడుగున జాగ్రత్త చెప్పుచు వెంట నడచుట యన్నమాట. మనమో, వెంట నడచుట మాని గద్దించుట మాత్రము నిలుపుకొంటిమి.

యోబు స్నేహితులు మొదట నేడు దినములు నోరు మెదపక అతనితో నేలమీద కూర్చుండిరి. అంతవరకు వారు మంచివారే. నోరు తెరచిన తరువాతనే చెడిరి.

మదనపల్లె వారికి వేరొక పద్ధతి కూడ తెలియును. 1863లో ఆ యూరికి వచ్చి 1908లో అచ్చటనే కన్నుమూసిన ఆర్కాటు మిషను బోధకుడు జేకబ్ చాంబర్లేన్ దొర వైద్యుడు కూడ. తెలుగు బైబిలు సవరణ సంఘమునకు అధ్యక్షుడై మాటలు తూచిన యాయనయే, రోగులకు మందిచ్చి కట్లు కట్టెను. తరువాత పలు మిషనులు కలిసి, ఆ యూరి చెంత ఆరోగ్యవరమున 1915లో క్షయ చికిత్సాలయము తెరచినవి. 1943లో స్ట్రెప్టోమైసిను కనుగొనబడువరకు ఆ రోగమును కుదిర్చెడి మందు లేదు. మంచి గాలి, విశ్రాంతి, పుష్టికరమైన ఆహారము నిచ్చి నెలల తరబడి పరుండబెట్టెడివారు. ఆ మంచములమీద విశ్వాసులును పరుండిరి, విశ్వాసము లేనివారును పరుండిరి. నేడు మందులున్నవి. సాధారణముగా ఆరు మాసములు విడువక మ్రింగవలయును. ప్రభుత్వాసుపత్రిలో ఊరకయే యిత్తురు. కాబట్టి రోగియింటికి ప్రార్థనకు పోవువారు, ఈ దినపు మాత్ర వేసికొంటివా యని కూడ అడుగుడు. ప్రార్థించితిమి గదా, మందు మానుమని యెవరైన చెప్పిన, వారి మాట వినకుడు.

కుప్పము సంగతి వేరు. తమిళ, కన్నడ దేశముల పొలిమేరలు చేరువనుండుటచే అచ్చట మూడు భాషలును వినబడును. భర్త బెంగుళూరు రైలెక్కి పనికి పోయిన చీకటి పడిన గాని యిల్లు చేరడు. తెలుగు పల్లెనుండి క్రొత్తగా కాపురమునకు వచ్చిన పిల్ల, తమిళమున ఆరాధన జరుగుచోట కడపటి బల్లమీద కూర్చుండి, పాట యర్థముగాక పెదవులు కదల్చుచుండును. రెండు వారములు రాకున్న, భక్తి చల్లారినదని మనమందుము. అమ్మాయీ, మధ్యాహ్నము మా యింటికి రమ్ము, రాగిసంగటి వండితిని అని యెవరును పిలువరు. ఆ బల్లమీద ఆమె ప్రక్కన కూర్చుండుటకు తమిళము రానక్కరలేదు.

ఇక పుంగనూరు చెల్లెలా! నీ కాయల ధర పడిపోయినది మార్కెట్టునకు సరకు మిక్కుటముగా వచ్చుటచేత; నీ కానుకపెట్టె చేత కాదు. నీవలెనే నష్టపోయిన పొరుగువారిలో అన్ని మతములవారు నుందురు, అడిగి చూడుము. అప్పు సంగతి భర్తతో కూర్చుండి కాగితముమీద వ్రాసికొనుడు. వడ్డీ యెక్కువైన బాకీ ముందు తీర్చుడు. ఆ యిద్దరు స్త్రీలమీద కోపముంచుకొనకుము. వారు మరల వచ్చిన, చాప పరచి కూర్చుండుమని గట్టిగా చెప్పుము. వచ్చు ఆదివారము నేను ఉదయపు బస్సునకు వచ్చుచున్నాను. నీ యింటినుండి యిద్దరమును కలిసి ఆరాధనకు పోవుదము. నాకై వంట పెట్టుకొనకుము, పులిహోర నేనే కట్టుకొని వత్తును.