పాత పిస్తోలునకు క్రొత్త మెఱుగు

మన దేశమున లైసెన్సుపై చేతి పిస్తోలు నుంచుకొనిన గృహస్థులలో పలువురు దానిని క్రొత్తదిగా కొన్నవారు కారు. తండ్రినాటి నుండి వచ్చినదో, ఉద్యోగము విరమించిన యొక యధికారి యొద్ద పుచ్చుకొన్నదో యగును. 1980ల దశకము నుండి పరదేశపు తుపాకుల దిగుమతి సామాన్యులకు దాదాపు మూతపడియుండుటచే, వెనుక వచ్చిన .32 బోరు పిస్తోళ్లే చేతులు మాఱుచు, పుట్టిన దేశములలోకంటె ఇచ్చట నెన్నో రెట్లు వెల పలుకుచున్నవి. అంత సొమ్ము పోసి కొన్న వస్తువు స్లైడు వన్నె తఱిగి, అంచులు తెల్లబడి, చెమట తగిలినచోట త్రుప్పుమచ్చలు వేసియున్నప్పుడు దానిని మరల క్రొత్తదిగా చూచుకొనవలెనని యజమానికి తోచుట సహజము. బజారులో మోటారుబండి సామానుకు క్రోమియము పూత వేయువాడున్నాడు. ఇత్తడి సామానుకు మెఱుగు పెట్టువాడున్నాడు. అడిగినచో ఇద్దరును ఒక్క పూట పని యందురు. ఈ ఒక్క పూట పనిని గూర్చియే మేము నేడు వ్రాయవలసి వచ్చినది.

స్లైడనగా పిస్తోలు గొట్టముపై ముందువెనుకలకు జాఱుచుండెడి ఉక్కు దిమ్మె. తూటా పేలిన ప్రతిసారియు నది విసురుగా వెనుకకు పోయి, ఖాళీ తూటాను వెలికి చిమ్మి, మరల ముందునకు వచ్చుచు క్రొత్త తూటాను గొట్టము మొదట నెక్కించును. చూపునకు మూతవలె నుండును గాని, యంత్రమంతటిలో నెక్కువ దెబ్బ తినుభాగములలో నిది యొకటి. దాని నీలినలుపు వన్నె పైన పూసిన రంగు కాదు; ఉక్కు పైపొరయే మాఱి యేర్పడిన ఇనుప ఆక్సైడు. ఎఱ్ఱత్రుప్పువలె నది పెచ్చులూడదు. నూనెను పట్టి యుంచి కొంతవఱకు తడిని ఆపును.

ఈ వన్నె తెచ్చుటకు పూర్వపు పనివారు ఉక్కునకు బుద్ధిపూర్వకముగా పలుచని త్రుప్పు పట్టించి, మరుగునీట నుంచి యా యెఱుపును నలుపుగా మార్చి, సన్నని తీగకుంచెతో తోమి, మరల త్రుప్పు పట్టించి, ఇట్లు దినముల తరబడి శ్రమించెడివారు. తరువాతి కార్ఖానాలు కాస్టిక్ సోడాను నైట్రేటు లవణములను కలిపిన ద్రావణమును ఇంచుమించు 140 డిగ్రీల సెంటిగ్రేడు వఱకు కాచి అందు ముంచుట నేర్చినవి. రెండవ ప్రపంచయుద్ధకాలమున అమెరికా సైన్యము మెఱుపులేని బూడిదవన్నె ఫాస్ఫేటు పూతను విరివిగా వాడినది. పద్ధతి యేదైనను, మొత్తము పనిలో పూత పాలు స్వల్పము. పాత వన్నెను తీయుట, త్రుప్పు గుంటలను చదును చేయుట, ఉక్కును అద్దమువలె నునుపు చేయుట, ఈ పనియంతయు పూతకు ముందు జరుగును. గుంట పోవలెనన్న దాని చుట్టునున్న ఉక్కంతయు గుంట యడుగువఱకు దిగవలెను. యజమాని మెఱుగును కొనుచున్నాననుకొనును, ఉక్కును పోగొట్టుకొనుచున్నాడు.

ఆ పోవు పొరలోనే గుర్తులున్నవి. స్లైడు ప్రక్కను తయారుచేసిన సంస్థ పేరు, ఊరు, కొన్నింటిపై సంఖ్య, పరీక్షాముద్రలు చెక్కబడియుండును. తుపాకిని హెచ్చు ఒత్తిడి గల మందుతో పేల్చి, నిలిచినదానికి ముద్ర వేయుట ఇంగ్లండులో చిరకాలముగా నున్న యాచారము. 1813లో పార్లమెంటు శాసనముచే బర్మింగ్‌హామున ఇందులకు ప్రత్యేక పరీక్షాగృహము వెలసినది. పిస్తోలుపై నట్టి ముద్ర మిక్కిలి చిన్నది. మెఱుగుచక్రము క్రింద నది మొదట అంచులు కరగి, పిదప నీడయై, తుదకు లేకపోవును. చక్రము త్రిప్పువానికి అది గీతయో ముద్రయో యెఱుకయైన నుండదు.

మన తెలుగునాట నుక్కు కథ తెలిసినవారు ఇచట నొక సందేహము తేవచ్చును. నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రమున మూసలలో కరగించిన ఉక్కును పారసీక వర్తకులు కొనిపోయెడివారు. ఆ జాతి యుక్కుతో చేసిన కత్తులపై నీటియలలవంటి రేఖలు కనబడును. సానపట్టగా మాసినను ఆమ్లము తగిలింపగనే యవి మరల తేలును గదా యని యడుగవచ్చును. తేలును, ఏలయన ఆ రేఖలు ఉక్కు లోతునంతట వ్యాపించియున్నవి. పిస్తోలుపై ముద్ర యంత లోతునకు దిగదు. దానిని మరల తేల్చు ఆమ్లము మెఱుగు దుకాణమున దొరకదు.

ఇక శాసనము మాట. 1959 నాటి ఆయుధ శాసనము 8వ సెక్షను తుపాకిపై ముద్రితమైన పేరును, సంఖ్యను, మఱి యే గుర్తింపు చిహ్నమునైనను చెఱుపుటను, తీసివేయుటను, మార్చుటను నిషేధించినది. అంతటితో నాగలేదు. గుర్తు చెఱిగిన తుపాకి యెవని యొద్దనున్నదో, వాడే దానిని చెఱిపెనని, కాదని ఋజువగునంతవఱకు, భావింపవలెనని కూడ విధించినది. సాధారణముగా నేరము మోపినవాడు దానిని ఋజువు చేయవలెను. ఇచట భారము యజమానిపై బడినది. దొంగ తుపాకుల రాకపోకల నరికట్టుట కిట్టి నియమ మవసరమే. మేము దానిని తప్పుపట్టము. కాని అందము కొఱకు ఆశపడి, తన లైసెన్సులో వ్రాసియున్న సంఖ్యను తన సొమ్ముతో తానే అరగదీయించుకొన్న పెద్దమనిషి, లైసెన్సు మరల వ్రాయించుకొనుటకు పోయిననాడు అధికారి యెదుట నేమని చెప్పును? తుపాకి మరమ్మతునకు సయితము లైసెన్సు వలయునని 5వ సెక్షను చెప్పుచున్నది. మెఱుగు దుకాణమున రాత్రి విడిచివచ్చిన పిస్తోలు, లైసెన్సు లేనివాని చేత నున్న పిస్తోలే యగును.

వెలను బట్టి చూచినను లాభము కనబడదు. మన యిండ్లలో కుట్టుమిషనుల వలన పేరెఱిగిన సింగరు కంపెనీ, రెండవ ప్రపంచయుద్ధము తొలినాళ్లలో అమెరికా ప్రభుత్వము కొఱకు .45 బోరు 1911ఏ1 పిస్తోళ్లను 500 మాత్రము నీలివన్నెతో చేసియిచ్చినది. తరువాత సైనిక ఆయుధశాలలు పాత పిస్తోళ్లను విప్పి బాగుచేయునప్పుడు ఏ స్లైడు ఏ పిడిచట్రమునకు చేరినను పట్టించుకొనక, పైన ఫాస్ఫేటు పూత వేసెడివి. సైన్యమునకు పని జరుగుట ముఖ్యము గనుక అది వారికి తగును. నేడు పాతవస్తువుల సేకర్తలు తొలి వన్నె సగము అరిగిన సింగరు పిస్తోలునకు ఇచ్చు వెలను, నిగనిగలాడు క్రొత్త వన్నె వేసినదాని కీయరు.

అన్నిటికంటె భయమైనది పూతలో దాగిన దోషము. ఆమ్లములోను విద్యుత్తు తొట్టిలోను ముంచినప్పుడు హైడ్రోజను గట్టి ఉక్కులోనికి చొరబడి దానిని పెళుసు చేయును. పూత వెంటనే ఇంచుమించు 200 డిగ్రీల వేడిలో గంటల తరబడి యుంచి దానిని వెడలగొట్టవలెను. బంపరుకు పూత వేయువాడు ఈ పని చేయునా? మంటపెట్టి నీలివన్నె తెప్పింపజూచువారు 300 డిగ్రీల వఱకు కాచి, కార్ఖానా యిచ్చిన గట్టిదనమును సడలింతురు. ఇదివఱకే స్లైడున సన్నని పగులున్నచో క్రోమియము దానిని చక్కగా కప్పిపుచ్చును. పగిలిన స్లైడు పేలునప్పుడు వచ్చునది ముఖము వైపునకే.

త్రుప్పును ఊరకుండనిండని మేము చెప్పుట లేదు. కాకినాడ, మచిలీపట్టణముల ఉప్పుగాలిలో నిర్లక్ష్యము చేసిన ఉక్కు ఒక్క వానకాలమున గుంటలు పడును. దానికి మందు పలుచని నూనెయు, మెత్తని గుడ్డయు, చాలినంత శ్రద్ధయు. తోలు ఒఱ తడిని పీల్చి నిలువయుంచును గనుక అందులో పిస్తోలును నెలలకొలది దాచుట మానవలెను. అరిగిన వన్నె వలన గురికి లోటు లేదు.

త్రుప్పు నిజముగా లోతునకు దిగినచో లైసెన్సు గల తుపాకి పనివానికే యీయవలెను. అట్టివాడు మన జిల్లాలలో ఊరూర దొరకడు. ఇందు ప్రభుత్వము చేయదగిన పని యొకటి కలదు. మెఱుగునకు వచ్చిన ప్రతి తుపాకిపైనున్న గుర్తులను పనికి ముందొకమాఱు, పిమ్మట నొకమాఱు ఛాయాచిత్రములు తీసి, పనివాని పుస్తకమున నెక్కించి, సంతకముతో నొక ప్రతి యజమాని కీయవలెనని 2016 నాటి ఆయుధ నియమములలో స్పష్టముగా చేర్చవలెను. ఋజువు భారమును శాసనము పౌరునిపై నుంచినప్పుడు ఆ ఋజువును సంపాదించుకొను దారిని కూడ అతనికి చూపుట న్యాయము. అట్టి నియమము వచ్చునందాక, పిస్తోలు గలవారు తమ స్లైడుపైని గుర్తులను ఛాయాచిత్రము తీయించి లైసెన్సు పుస్తకముతోపాటు భద్రపఱచుకొందురు గాక.