దుడ్లు కట్టి చేరే బిజినెస్ గ్రూపులు మనకు పనికొస్తాయా?



ఈ మధ్య మన ఫోన్లకు ఒక రకం మెసేజులు ఎక్కువైనాయి. "మాస్టర్‌మైండ్ గ్రూపులో చేరండి, రైతు నుంచి వ్యాపారి అవ్వండి" అని. ఏడాదికి పది, పన్నెండు వేలు ఫీజు. కోలారు, చిక్కబళ్ళాపురం, హోసూరు వైపు మనవాళ్ళు చేరాలా వద్దా అని అడుగుతా ఉన్నారు. మాకు తోచింది చెప్తాము.

గ్రూపు అనే ఆలోచనలో తప్పు లేదు. 1727లోనే అమెరికాలో ఫిలడెల్ఫియా ఊర్లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ తనలాంటి పనివాళ్ళను కూడగట్టి శుక్రవారం సాయంత్రాలు కూర్చునేవాడు. ఒకరికి తెలిసింది ఇంకొకరికి చెప్పుకునేవాళ్ళు. ఫీజులో కూడా ఒక మంచి ఉంది. దుడ్లు కట్టినవాడు మీటింగు ఎగ్గొట్టడు. మన ఉచిత గ్రూపుల్లో గుడ్ మార్నింగ్ బొమ్మలే ఎక్కువ కదా!

అయితే ఆ ఫీజును రూపాయల్లో కాదు, గూళ్ళలో లెక్క వెయ్యండి. కిలో 500 అనుకుంటే 12,000 అంటే 24 కిలోలు. నూరు గుడ్లకు 60 కిలోలు దిగితే, అందులో 24 కిలోలు ఫీజుకే పోతాయి. ఆకు, కూలి, మందుల ఖర్చు ఇంకా తియ్యలేదు.

రెండోది, అక్కడ నేర్పే పాఠం. నీ సరుకుకు నువ్వే ధర పెట్టు, బ్రాండు చేసుకో, మంచి ధర వచ్చేదాకా ఆగు అంటారు. అంగడి పెట్టుకున్నవాళ్ళకు అది సరే. మన గూడు ఆగుతుందా? చంద్రికలకు ఎక్కిన ఐదారు రోజులకు గూళ్ళు విడిపించాల. ఇంకో వారం పెట్టుకుంటే లోపలి పురుగు రెక్కలొచ్చి గూడు తొలుచుకొని బయటికొస్తుంది. ఆ గూడుకు దారం రాదు. శిడ్లఘట్ట అయినా రామనగర అయినా వేలంలో ధర పలికేది రీలరు, మనం కాదు.

మన చేతిలో ఉండేది రెండే. గూడు నాణ్యం, పంట ఖర్చు. అవి షెడ్డు శుద్ధిలో, ఆకులో, గాలి వెలుతురులో ఉన్నాయి. ఈ సంగతులు చెప్పడానికి పట్టు శాఖ టెక్నికల్ సర్వీస్ సెంటర్లు, మైసూరులో కేంద్ర పట్టు పరిశోధన సంస్థ ఉన్నాయి.

ఇంకొకటి. నాలుగో జ్వరం లేచినాక పురుగు తన మొత్తం మేతలో నూటికి 80 పాళ్ళకు పైగా తినేస్తుంది. ఆ వారం ఏ మీటింగుకు పోతాము? పైగా మేపేది ఎక్కువగా ఇంటి ఆడవాళ్ళు. పురుగు మేత తగ్గించినా, రంగు మారినా ముందు కనిపెట్టేది వాళ్ళే. గ్రూపులో పేరు మాత్రం మగవాళ్ళది. తెలిసినవాళ్ళు ఇంట్లో, వినేవాళ్ళు హోటల్లో!

అందుకని మా అభిప్రాయం ఇది. చాకీ సెంటర్ నడిపేవాళ్ళు, మల్బరీ నారు అమ్మేవాళ్ళు, రీలింగు చేసేవాళ్ళు అయితే ఆలోచించండి. వాళ్ళకు ధర చెప్పుకునే వీలుంది, గిరాకీలను వెతుక్కోవాల. వాళ్ళు కూడా కట్టే ముందు మూడు అడగాల. నడిపే ఆయనకు ఆదాయం వ్యాపారం నుంచా, మన ఫీజు నుంచా? పాత సభ్యులతో విడిగా మాట్లాడనిస్తారా? మధ్యలో మానుకుంటే దుడ్లు తిరిగిస్తారా? జవాబు నసిగితే వదిలెయ్యండి.

గూళ్ళు అమ్ముకునే మనకైతే చీటీ పద్ధతి చాలు. పక్కపక్క ఊర్ల ఎనిమిది ఇళ్ళవాళ్ళు చేరండి. నెలకు 200 వెయ్యండి. పంట దిగినాక ఒకరింట్లో కూర్చోండి, ఆడా మగా ఇద్దరూ రావాల. ఎన్ని గుడ్లు, ఎన్ని కిలోలు, ఎంత ఖర్చు, ఏ రోగం, నోటుపుస్తకం తెరిచి చెప్పాల. రానివాళ్ళ 200 పోయినట్టే. ఏడాదికి 19,200 అవుతుంది, దాంతో బ్లీచింగు, సున్నం, పురుగుల పడక మందు ఒకేసారి కొనుక్కోవచ్చు.

దీంట్లో కష్టం దుడ్లది కాదు. పోయిన పంట సంగతి నలుగురిలో చెప్పడానికి మనకు నామోషీ. అది పోనంతవరకు పన్నెండు వేలు కట్టినా ఫలితం లేదు. అది పోతే రెండు వందలు చాలు.