అద్దె ఇల్లు – మానవ సంబంధాలు

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు మన పెద్దలు. ఇల్లు అద్దెకిచ్చి చూడు అని వారెందుకు అనలేదో గాని, ఆ రెండింటికీ తీసిపోని పరీక్ష అది. మన రాజమహేంద్రవరానికి కాగితపు మిల్లు, బ్యాంకులు, ప్రభుత్వ కార్యాలయాలలో ఉద్యోగాలపై వచ్చే కుటుంబాలు అనేకం. కోనసీమ నుండి, మన్యం నుండి చదువుకై వచ్చే విద్యార్థులు మరెందరో. వీరందరూ వచ్చిన మొదటి వారం వెదకేది "ఇల్లు అద్దెకు ఇవ్వబడును" అనే పలకనే.

యజమాని అనగానే ధనికుడని తలచుట పొరపాటు. ఇన్నీసుపేట, ఆర్యాపురం వంటి పాత పేటలలో ముందు గదులు అద్దెకిచ్చి, వెనుక గదిలో కాలం వెళ్లబుచ్చుతున్న వృద్ధురాండ్రు ఉన్నారు. వారికి అద్దె లాభం కాదు, అదే పింఛను. అద్దె పది రోజులు ఆలస్యమైతే మందుల దుకాణంలో బాకీ పెరుగుతుంది. గోడకు సున్నం వేయించలేదని నిందించే ముందు అద్దెదారు ఈ సంగతి యోచించవలె.

అట్లే అద్దెదారు కష్టాలూ తక్కువ కావు. 1960లో మన రాష్ట్రం చేసిన అద్దె నియంత్రణ చట్టం, అద్దె చెల్లించిన వానికి రసీదు పొందే హక్కు కల్పించింది. చట్టం చెప్పిన కారణం లేనిదే ఖాళీ చేయించరాదన్నది. 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా చట్టం ఒప్పందం వ్రాతపూర్వకంగా ఉండవలెననీ, నివాస గృహానికి రెండు నెలల అద్దెకు మించి అడ్వాన్సు తీసుకోరాదనీ, యజమాని ఇంటిలోనికి రాదలచితే 24 గంటల ముందే తెలుపవలెననీ సూచించింది. ఇచ్చిపుచ్చుకొనే వ్యవహారాన్ని సాక్షులతో వ్రాసుకొమ్మని దివ్య ఖురాన్ రెండవ అధ్యాయం 282వ వాక్యం ఏనాడో బోధించింది. కనుక "మన మధ్య కాగితమెందుకు?" అనుట మర్యాద కాదు. కాగితం ఉన్నచోటనే మర్యాద నిలుస్తుంది.

అయితే ఈ నియమాలన్నీ గుమ్మం దాటిన తరువాతి సంగతులు. గుమ్మం వద్దనే ఆగిపోయిన వారి మాటేమిటి? మేము ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఇంటికి వెళ్లితిమి. గదులు చూపారు, అద్దె చెప్పారు, కాఫీ కూడా ఇచ్చారు. "మాస్టారూ, మీ పేరు?" అని అడిగారు. చెప్పితిమి. కొంత తడవు మౌనం. "మా తమ్ముడు వస్తానన్నాడండి, రేపు కబురు చేస్తాం" అన్నారు. ఆ కబురు నేటికీ రాలేదు. వారిపై మాకు కోపం లేదు. ఆ కాఫీ కూడా నిజమైన ఆదరణతో ఇచ్చినదే. కాని ఆ రాత్రి మా పేరు మాకే కొత్తగా వినబడింది.

ఇందులో మనవారు నిర్దోషులని చెప్పజాలము. మన పేటలలోనూ "మనవాళ్లేనా?" అని అడిగి, కాదని తెలిసి తలుపు మూసే యజమానులు లేకపోలేదు. తెలుగు భాషను చూసి మనమందరం నేర్వదగినది ఒకటున్నది. కిరాయి, రసీదు, జామీను, ఖాళీ – ఈ మాటలన్నీ అరబ్బీ, ఫారసీల నుండి వచ్చి తెలుగులో కాపురమున్నవే. వాటిని ఖాళీ చేయమని ఏ తెలుగువాడూ అడగలేదు.

యజమాని నిరాకరణకు వెనుక తరచు ఉండేది ద్వేషం కంటె భయం. ఎరుగని కుర్రవాడు అద్దె ఎగవేస్తే ఎవరిని అడగాలన్న భయం. దానిని తొలగించుట మన చేతిలోని పని. కావున కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపం: ఏటా ప్రవేశాల నాటికి అద్దె గదుల జాబితా ఒకటి కార్యాలయంలో ఉంచండి. దూరప్రాంత విద్యార్థికి కమిటీయే జామీనుగా ఉత్తరమివ్వండి. తగవు వస్తే ఉభయుల మాటా వినుటకు ఒక అధ్యాపకుని నియమించండి. దీనికి పెద్ద నిధులు అక్కరలేదు.

విద్యార్థులారా! నేడు మీరు అద్దెదారులు. రేపు మీలో కొందరు యజమానులవుతారు. మీరు ఖాళీ చేసిన గదిని ఊడ్చి తాళం అప్పగించండి. మీ తరువాత వచ్చే వానికి ఆ తలుపు తెరుచుకొనుట మీ నడవడిపైనే ఆధారపడి ఉన్నది. రేపు మీ ఇంటి ముందు పలక కట్టిననాడు, వచ్చిన వానిని పేరు కంటె ముందు "ఎంతమంది ఉంటారు బాబూ, నీళ్లు సరిపోతాయా?" అని అడగండి.