ఒకనాటి ఉపన్యాసం

తరగతిలో లేచి నిలబడి నాలుగు ముక్కలు అప్పజెప్పమంటే నోరు పెగలని కుర్రవాళ్లు ఏటా నాకు నలుగురైదుగురు తగులుతూ ఉంటారు. వాళ్లకు డేనియల్ వెబ్‌స్టరు కథ చెబుతాను.

అతడు 1782లో అమెరికాలోని న్యూహాంప్‌షైరులో ఒక రైతు ఇంట పుట్టాడు. ఎక్సెటరు బడిలో పేరు పిలిస్తే లేవలేక బెంచీకి అతుక్కుపోయేవాడట. ఆ మాట తరువాత తనే రాసుకున్నాడు. డార్ట్‌మత్ కాలేజీలో పట్టా పుచ్చుకుని, అన్నగారి చదువుకు సాయంగా కొన్నాళ్లు పంతులుద్యోగం చేశాడు. సాయంత్రాలు దస్తావేజులకు నకళ్లు రాశాడు. 1805లో ప్లీడరయ్యాడు.

రాష్ట్ర ప్రభుత్వం ఆ డార్ట్‌మత్ కాలేజీనే తన చేతికింద పెట్టుకోబోతే, 1818లో సుప్రీంకోర్టులో కాలేజీ తరఫున వాదించాడు. మరుసటి ఏడు తీర్పు కాలేజీ పక్షానే వచ్చింది. కాలేజీకి ఇచ్చిన సనదు ఒక ఒప్పందమనీ, దాన్ని శాసనసభ చెరపరాదనీ న్యాయమూర్తులు తేల్చారు.

1827లో మసాచుసెట్సు తరఫున సెనేటరయ్యాడు. కేంద్రం చేసిన చట్టాన్ని రాష్ట్రం కాదనవచ్చునని దక్షిణ కరోలినా సెనేటరు హేన్ వాదిస్తే, 1830 జనవరిలో రెండు రోజులపాటు జవాబు చెప్పాడు. ఆ ఉపన్యాసాన్ని పిల్లలు బళ్లలో వల్లించారు.

మచ్చ లేకపోలేదు. సెనేటులో సంయుక్త రాష్ట్రాల బ్యాంకు పక్షాన మాట్లాడుతూనే ఆ బ్యాంకు వద్ద ప్లీడరు ఫీజు పుచ్చుకునేవాడు. 1833లో అది ఆలస్యమైతే, గుర్తుచేస్తూ ఉత్తరం కూడా రాశాడు.

అసలు పరీక్ష 1850 మార్చి 7న వచ్చింది. దక్షిణాది విడిపోతానంటున్నది. హెన్రీ క్లే తెచ్చిన రాజీలో ఒక షరతు ఉంది: పారిపోయి వచ్చిన బానిసలను ఉత్తరాదిలో సైతం పట్టి యజమానులకు అప్పగించాలి. బానిసత్వం చెడ్డదని చెబుతూ వచ్చిన వెబ్‌స్టరు, సమాఖ్య నిలవడం ముఖ్యమని ఆ రాజీని సమర్థించాడు. వ్యాపారులు మెచ్చుకున్నారు. కవి విట్టియరు బతికున్న మనిషికే చరమగీతం వంటి పద్యం రాశాడు. ఆ ఏడే చట్టం వచ్చింది. 1852లో వెబ్‌స్టరు పోయాడు. 1861లో యుద్ధం రానే వచ్చింది.

ఆ పదేళ్ల గడువులో ఉత్తరాది బలం పుంజుకుందనీ, సమాఖ్య దక్కింది అందువల్లనేననీ అనేవారున్నారు. కావచ్చు. కాని ఆ గడువుకు వెల చెల్లించినవారు సెనేటులో కూర్చున్నవారు కారు. రాత్రివేళ ఏరు దాటి వచ్చి, సంకెళ్లతో వెనక్కి నడిచినవారు.

మా కుర్రవాళ్లకు ఈ కథ 1830 దాకా చెప్పి ఆపేవాణ్ణి. ఒకనాడు, ఎప్పుడూ నోరు విప్పని పిల్లవాడొకడు లేచి, "తరువాత ఏమైందండీ?" అన్నాడు. అప్పటినుంచి మొత్తం చెబుతున్నాను.