టీవీ యాడ్ లేకపోతే కారు అమ్ముడుపోదా?

మార్కెటింగ్ మాట వస్తే చాలు, మా క్లాసులో అందరూ టెస్లా పేరే ఎత్తుతారు. "ప్రోడక్ట్ బాగుంటే జనమే చెప్పుకుంటారు, యాడ్స్ దండగ" అని వాదన. నాకైతే ఇందులో సగమే నిజం అనిపిస్తుంది.

టెస్లా ఏళ్ల తరబడి యాడ్స్ మీద దాదాపు ఏమీ ఖర్చు పెట్టని మాట నిజమే. కానీ ఎలాన్ మస్క్ ఒక పోస్టు పెడితే మర్నాడు అది పేపర్లో వార్త. ఆ సౌకర్యం ఇంకే కార్ల కంపెనీకి ఉంది? ఆ మస్క్ కూడా 2023 మేలో, కొంచెం యాడ్స్ ప్రయత్నించి చూస్తామని వాటాదారుల సమావేశంలో చెప్పాడు.

ఊరికే వచ్చే ప్రచారంతో ఒక చిక్కుంది. మన గురించి ఏం చెప్పాలో ఎదుటివాళ్లే నిర్ణయిస్తారు. టాటా నానోనే చూడండి. 2008లో దాన్ని చూపించగానే ప్రపంచమంతా రాసింది, "లక్ష రూపాయల కారు" అని. మన దగ్గర కారంటే ఇంటి పరువు కూడా. అప్పు చేసి మరీ "చవక కారు" అనిపించుకోవాలని ఎవరికుంటుంది? ఆ ముద్ర దెబ్బతీసిందని రతన్ టాటాయే తర్వాత అన్నారు. 2018 నాటికి తయారీ దాదాపు ఆగిపోయింది.

అలాగని యాడ్స్ ఉంటే చాలా? అదీ కాదు. మా పాల్వంచ నుంచి ఏజెన్సీ ఊళ్లకు వెళ్లే రోడ్ల మీద బొలెరోలు కనిపిస్తూనే ఉంటాయి. 2000లో వచ్చిన బండి. గతుకుల్లో కింద తగలదు, పదిమంది ఎక్కినా లాగుతుంది, ఆగిపోతే ఊళ్లో మెకానిక్ బాగుచేస్తాడు. ఈ నమ్మకాన్ని ఏ హీరో వచ్చి చెప్పినా తేలేడు. పెద్దమ్మ గుడి దగ్గర కొత్త బండికి పూజ చేయిస్తుంటే పక్కవాళ్లు "మైలేజీ ఎంత, ఆన్‌రోడ్ ఎంత పడింది" అని అడుగుతారు. అసలు యాడ్ అక్కడే నడుస్తుంది.

కానీ అలా అడగాలంటే ముందు రోడ్డు మీద కొన్ని బండ్లుండాలి కదా! కియా పెనుకొండలో తయారుచేసిన సెల్టోస్‌ను 2019 ఆగస్టులో అమ్మకానికి పెట్టినప్పుడు, వాడి చూసి చెప్పేవాడు దేశంలో ఒక్కడూ లేడు. అలాంటి కంపెనీకి టీవీ, పేపరు, హోర్డింగు తప్పవు.

కాబట్టి నా లెక్క ఇది. పేరు తెలియనప్పుడు యాడ్ కావాలి. తెలిశాక ఆ డబ్బులో ఎక్కువ భాగం సర్వీస్ సెంటర్లకు, స్పేర్ పార్టులకు పోవాలి. ఐదేళ్లో ఏడేళ్లో ఈఎంఐ కట్టేది మన ఇళ్లల్లోవాళ్లే. కారు పాడైతే వాళ్లకు కావాల్సింది దగ్గర్లో ఒక వర్క్‌షాపు.

రేపు స్టార్టప్ పెడదామనుకునే ఫ్రెండ్స్‌కీ ఇదే చెప్తాను. యాప్ బాగుంటే చాలదు, మొదటి వందమందికి మనమే వెళ్లి చెప్పాలి. ఆ తర్వాత వాళ్లు ఫోన్ చేస్తే ఎత్తాలి.