ఆటలో మాటకు చోటుంది, బలవంతానికి లేదు

స్కైరిమ్ కథానాయకుడి అసలు బలం కత్తిలో లేదు, గొంతులో ఉంది. డ్రాగన్ల భాషలో మూడు మాటలు అరిచాడంటే ఎదుటివాడు ఎగిరి అంత దూరాన పడతాడు. అయితే 2011 నవంబరులో ఈ ఆట విడుదలైనప్పుడు ఆ అరుపు బటన్‌లోంచే వచ్చేది. బటన్ తట్టి వదిలేస్తే ఒక మాట, కాస్త నొక్కి ఉంచితే రెండు, ఇంకాస్త ఆగితే మూడు. ఆడేవాడి నోరు మాత్రం మూసుకునే ఉండేది. 2012 ఏప్రిల్‌లో ఎక్స్‌బాక్స్ 360 కోసం వచ్చిన ఉచిత అప్‌డేట్ దీన్ని మార్చేసింది. టీవీ దగ్గర మాటలు వినే కినెక్ట్ పరికరం ఉన్నవాళ్ళు సోఫాలో కూర్చుని "ఫుస్ రో డా" అని నిజంగానే అరిస్తే చాలు, తెర మీద బందిపోటు కొండ మీంచి కిందికి దొర్లేవాడు.

అదే అప్‌డేట్‌లో రెండొందలకు పైగా మాటల ఆదేశాలు వచ్చాయి. వాటిలో మ్యాప్ తెరవడం, ఆటను సేవ్ చేయడం, ఆయుధం మార్చడం లాంటి పనులు బోలెడు. సేవ్ చేయమంటే సేవ్ అవుతుంది, మంచిదే. ఆ పని బటన్‌తో చేసినా ఆడేవాడికి పోయేదేమీ లేదు. అరుపు సంగతి వేరు. అక్కడ కథానాయకుడు చేసే పనీ, ఆడేవాడు చేసే పనీ ఒకటైపోయాయి. కన్సోల్ ఆటల్లో మాటల ఆదేశాల విలువ తేల్చాల్సింది ఈ తేడా దగ్గరే.

మాటల ఆదేశాలంటే చాలామంది గేమర్లకు చులకన. పెట్టె మీద అదనపు ఆకర్షణగా అచ్చు వేసుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరావని వాళ్ళ అభిప్రాయం. ఆ చులకనకు కారణాలున్నాయి, వాటిలో కొన్ని కంపెనీలు చేజేతులా తెచ్చుకున్నవే. అయినా ఇష్టమైనవాళ్ళు వాడుకుని, అక్కర్లేనివాళ్ళు పక్కన పెట్టే వీలున్నంత కాలం మాట ఆటను మెరుగుపరుస్తుందనడానికి పాతికేళ్ళ చరిత్రలో కావలసినంత సాక్ష్యం ఉంది. కథలో మనిషి నోరు తెరవాల్సిన సందర్భంలోనే ఆడేవాడి చేత నోరు తెరిపించాలి, అంతే.

అలాంటి సందర్భాల్లో మొదటిది సైనిక దళం. 2002లో ప్లేస్టేషన్ 2 మీద సోకామ్ అనే ఆట హెడ్‌సెట్‌తో కలిపి అమ్మకానికి వచ్చింది. అందులో ఆడేవాడు ఒక చిన్న దళానికి నాయకుడు. కాల్పులు ఆపమని, ఫలానా చోటికి కదలమని మైక్‌లో చెబితే కంప్యూటర్ నడిపే సైనికులు పాటించేవాళ్ళు. హెడ్‌సెట్ వద్దనుకుంటే అవే ఆదేశాలు మెనూలో ఉండేవి. మరుసటి ఏడాది ఎక్స్‌బాక్స్ మీద వచ్చిన రెయిన్‌బో సిక్స్ 3 కూడా ఇదే దారి పట్టింది. నిజమైన దళ నాయకుడు యుద్ధం మధ్యలో మెనూ తెరవడు, నోటితోనే చెబుతాడు. కాబట్టి అక్కడ మైక్ వాడితే ఆట నిజానికి దగ్గరగా జరుగుతుంది.

మాస్ ఎఫెక్ట్ 3 దీన్ని ఇంకో మెట్టు ఎక్కించింది. 2012 మార్చిలో వచ్చిన ఈ ఆటలో కమాండర్ షెపర్డ్ వెంట ఇద్దరు సహచరులు ఉంటారు. వాళ్ళ శక్తులను కంట్రోలర్‌తో వాడాలంటే మామూలుగా ఆటను ఆపి, తెర మీద చక్రంలా పరుచుకునే మెనూలోంచి ఏరుకోవాలి. తూటాలు గాల్లోనే నిలిచిపోతాయి, యుద్ధం ఊపు తెగిపోతుంది. ఎక్స్‌బాక్స్ 360 మీద కినెక్ట్ ఉన్నవాళ్ళు సహచరి లియారాను పేరు పెట్టి పిలిచి, ఆమె శక్తి పేరు చెబితే సరిపోయేది. ఆట ఆగదు, చూపు శత్రువు మీంచి తిరగదు. ఇక్కడ మాట వల్ల దక్కింది కొత్తదనం ఒక్కటే అనుకుంటే పొరపాటు. యుద్ధం తెంపు లేకుండా సాగడం అసలు లాభం. ఫీఫా 13లోనూ అంతే, ఆటగాణ్ణి మార్చడానికి మ్యాచ్ ఆపి మెనూలోకి వెళ్ళనక్కర్లేదు. కోచ్ మైదానం పక్కన నిలబడి కేకేసినట్టే చెప్పొచ్చు.

మరి మాట కథకు అంత బాగా అతికితే, ఆట మొత్తాన్ని మాట మీదే నడిపిస్తే ఏం? సోనీ సంస్థ ఆ ప్రయోగమూ చేసింది. 2003లో జపాన్‌లో, మరుసటి ఏడాది అమెరికాలో లైఫ్‌లైన్ పేరుతో ప్లేస్టేషన్ 2 మీద విడుదలైన ఆట అది. అంతరిక్షంలో ఒక హోటల్, దాన్ని ముట్టడించిన రాక్షస ప్రాణులు. ఆడేవాడు కంట్రోల్ గదిలో చిక్కుకుపోయి, కెమెరాల్లో చూస్తూ రియో అనే యువతికి మైక్‌లో దారి చెప్పాలి. ఇంత చక్కగా కుదిరిన ఊహ అరుదు. గదిలో బందీ అయినవాడికి గొంతు తప్ప వేరే సాధనం లేదు, ఆడేవాడికీ అంతే. కానీ అప్పటి సాంకేతికత ఆ భారం మోయలేకపోయింది. ముందుకు నడవమంటే రియో ఆగిపోయేది. ప్రాణి శరీరంలో ఎక్కడ కాల్చాలో చెబితే అర్థంకాక నిలబడేది, ఈలోగా దెబ్బలు తినేది. బటన్ అనే రెండో దారి లేకపోవడంతో ఒక మంచి ఊహ ఆడేవాళ్ళ సహనానికి పరీక్షగా మిగిలింది. కథకు అతకడం ఒక్కటే చాలదని లైఫ్‌లైన్ చూపించింది.

యంత్రం మాటను తప్పుగా వినడం ఇప్పటికీ పూర్తిగా పోలేదు. అందువల్ల తప్పు వింటే ఆటలో ఏమవుతుందన్నది ముందే ఆలోచించిన రూపకర్తలే గట్టెక్కారు. 1998 డిసెంబరులో జపాన్‌లో నింటెండో 64 కోసం పికాచూతో మాట్లాడే ఆట ఒకటి వచ్చింది, రెండేళ్ళ తర్వాత అది హే యూ, పికాచూ పేరుతో అమెరికా చేరింది. దాంతోపాటు మైక్, మాటలను గుర్తించే ప్రత్యేక పరికరం ఇచ్చేవారు. పిల్లల సన్నని గొంతులకు తగ్గట్టు చేసిన పరికరం కావడంతో పెద్దవాళ్ళ మాటలు దానికి సరిగ్గా అందేవి కావు. పికాచూ చాలాసార్లు చెప్పింది వినేది కాదు. అయినా పిల్లలు దాన్ని క్షమించారు, ఎందుకంటే పెంపుడు జంతువు చెప్పిన మాట వినకపోవడం లోకంలో ఉన్నదే. 2005లో నింటెండో డీఎస్ మీద నింటెండాగ్స్ కుక్కపిల్లకు సొంతంగా పేరు పెట్టి పిలుచుకోనిచ్చింది. అదీ ఇదే సూత్రం. వినకపోతే ఇంకోసారి పిలుస్తాం. లైఫ్‌లైన్‌లోలా రాక్షస ప్రాణి మీద పడుతున్నప్పుడు ఇంకోసారి పిలిచే వ్యవధి ఉండదు.

రెండో ఉపాయం మాటల సంఖ్యను కుదించడం. యూబీసాఫ్ట్ షాంఘై స్టూడియో చేసిన ఎండ్‌వార్ 2008 నవంబరులో వచ్చింది. యుద్ధ వ్యూహాల ఆట. మొత్తం ఆటను నోటితోనే ఆడేయొచ్చు, కావాలంటే కంట్రోలర్‌తోనూ ఆడొచ్చు. ఏ దళం, ఏం చేయాలి, ఎక్కడ చేయాలి అన్న వరుసలోనే ఆదేశం ఉండాలి. ఒక ముక్క చెప్పగానే తర్వాత చెప్పదగిన ముక్కలు తెర మీద కనిపించేవి. అంటే యంత్రం ఇంగ్లిష్ భాషంతా అర్థం చేసుకోనక్కర్లేదు, ఆ క్షణాన వీలున్న కొద్ది మాటల్లో ఏదన్నది పోల్చుకుంటే చాలు. విమర్శకులు ఆట కథను పెద్దగా మెచ్చకపోయినా మాట వినే తీరును మెచ్చుకున్నారు. కన్సోల్ కంట్రోలర్‌తో వ్యూహాల ఆటలు ఆడటం ఎప్పుడూ కష్టమే. కంప్యూటర్ మౌస్ చేసే పనిని రెండు చిన్న జాయ్‌స్టిక్‌లతో చేయాలి. ఆ లోటును పూడ్చడానికి మాట కంటే మంచి మార్గం ఇంతవరకూ ఎవరూ చూపలేదు.

ఇంత పునాది ఉన్నా మాటల ఆదేశాలకు చెడ్డపేరు ఎలా వచ్చింది? 2013 నవంబరులో వచ్చిన ఎక్స్‌బాక్స్ వన్ కథ చూస్తే తెలుస్తుంది. కన్సోల్‌తోపాటు కినెక్ట్ కొనితీరాల్సిందేనని మైక్రోసాఫ్ట్ పట్టుబట్టింది. ధర 499 డాలర్లు, పోటీగా వచ్చిన ప్లేస్టేషన్ 4 ధర 399. పైగా కినెక్ట్ తగిలించనిదే కన్సోల్ పనిచేయదని మొదట ప్రకటించారు. అమెరికా నిఘా సంస్థల వ్యవహారాలను ఎడ్వర్డ్ స్నోడెన్ బయటపెట్టిన వేసవి అది. హాల్లో ఎప్పుడూ చెవి రిక్కించి ఉండే పరికరం అంటే జనం జంకడంలో వింత లేదు. ఆగస్టు నాటికి ఆ నిబంధన ఎత్తేశారు. 2014 జూన్‌లో కినెక్ట్ లేని కన్సోల్‌ను 399 డాలర్లకు తెచ్చారు. అదే నెలలో నటుడు ఆరన్ పాల్ టీవీ ప్రకటనలో "ఎక్స్‌బాక్స్ ఆన్" అనగానే బ్రిటన్‌లో కొందరి ఇళ్ళలో కన్సోళ్ళు వాటంతటవే వెలిగాయి. 2017 అక్టోబరుకు కినెక్ట్ తయారీయే ఆగిపోయింది.

జనం తిరస్కరించింది మాటను కాదు, మాట పేరుతో అదనంగా వంద డాలర్లు కట్టించడాన్ని, అడగకుండా ఇంట్లో చెవి పెట్టడాన్ని. ఈ తేడా గుర్తించకుండా స్టూడియోలు మాటల ఆదేశాలనే వదిలేశాయి. మాస్ ఎఫెక్ట్ మూడు ఆటలనూ కలిపి మెరుగులు దిద్ది 2021లో మళ్ళీ విడుదల చేసినప్పుడు, లియారాను పేరు పెట్టి పిలిచే వీలు అందులో లేదు. విచారించదగ్గ విషయం ఇది.

మాట వినడం అంటే ఆదేశాలు వినడమే కానక్కర్లేదని, కినెక్ట్ లేని కన్సోల్ వచ్చిన 2014లోనే ఒక ఆట నిరూపించింది. ఏలియన్: ఐసోలేషన్‌లో అంతరిక్ష కేంద్రంలో తిరిగే ప్రాణి నుంచి దాక్కుంటూ బతకాలి. ఎక్స్‌బాక్స్ వన్ మీద కినెక్ట్, ప్లేస్టేషన్ 4 మీద కెమెరా ఉన్నవాళ్ళు ఒక సెట్టింగ్ ఆన్ చేసుకుంటే గదిలోని చప్పుడు కూడా ఆ ప్రాణి చెవిన పడుతుంది. బీరువాలో దాక్కున్న కథానాయిక ఊపిరి బిగబట్టినప్పుడు ఆడేవాడూ బిగబట్టాలి. వంటింట్లో కుక్కర్ కూత పెట్టినా ముప్పే. ఇది అందరికీ సరిపడదు, చంటిపిల్లలున్న ఇంట్లో అసలు కుదరదు. అందుకే అది సెట్టింగ్‌గా ఉండటం సరైన నిర్ణయం. కానీ ఆన్ చేసుకున్నవాళ్ళకు దక్కే భయం మరే బటనూ ఇవ్వలేదు.

ఐచ్ఛికం అన్న మాటకు ఇంకో పార్శ్వం ఉంది, అది అన్నిటికంటే ముఖ్యమైనది. చేతులు సరిగ్గా పనిచేయనివాళ్ళకు పదిహేను బటన్ల కంట్రోలర్ ఒక గోడ. మైక్రోసాఫ్ట్ 2018లో అడాప్టివ్ కంట్రోలర్, సోనీ 2023లో యాక్సెస్ కంట్రోలర్ తెచ్చింది అలాంటివాళ్ళ కోసమే. వాటికి మాట తోడైతే ఎన్నో బటన్ల భారం తగ్గుతుంది. మరోవైపు మాట్లాడలేనివాళ్ళు, నత్తి ఉన్నవాళ్ళు, రాత్రిపూట ఇంట్లోవాళ్ళ నిద్ర చెడగొట్టకుండా ఆడుకునేవాళ్ళు ఉన్నారు. వాళ్ళకు బటన్ కావాలి. 2013లో వచ్చిన రైజ్: సన్ ఆఫ్ రోమ్‌లో విలుకాళ్ళచేత బాణాలు వేయించడానికి నోటితో ఆజ్ఞ ఇవ్వొచ్చు, లేదా బటన్ నొక్కి పట్టుకోవచ్చు. ఫలితం ఒకటే. ప్రతి పనికీ రెండు దారులూ సమానంగా ఉండాలి, ఒక దారిలో వెళ్ళినవాడికి శిక్ష ఉండకూడదు.

ఐచ్ఛికం చేస్తే స్టూడియోలు దానిమీద శ్రద్ధ పెట్టవని, మొక్కుబడిగా నాలుగు ఆదేశాలు జోడించి వదిలేస్తాయని ఒక వాదన ఉంది. అందులో నిజం లేకపోలేదు. కొద్దిమందే వాడే సదుపాయానికి ఎక్కువ ఖర్చు పెట్టరు. కానీ అది కినెక్ట్ లాంటి వేరే పరికరం కొనాల్సిన రోజుల లెక్క. 2020లో ప్లేస్టేషన్ 5తో వచ్చిన డ్యుయల్‌సెన్స్ కంట్రోలర్‌లోనే మైక్ ఉంది, దాన్ని ఆపేసే బటన్ కూడా పక్కనే ఉంది. మైక్ ఇప్పుడు కొద్దిమంది సొత్తు కాదు. ఎప్పుడు వినాలో, ఎప్పుడు వినకూడదో తేల్చే అధికారం ఆడేవాడి బొటనవేలి కిందే ఉంది.

ఇక అడ్డుగా మిగిలింది భాష, యాస. 2020లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు అయిదు పెద్ద కంపెనీల మాట గుర్తింపు వ్యవస్థలను పరీక్షించారు. తెల్లజాతి అమెరికన్లు మాట్లాడిన ప్రతి వంద పదాల్లో సగటున 19 తప్పు పడితే, నల్లజాతి అమెరికన్ల విషయంలో 35 తప్పాయి. ఒకే దేశంలో, ఒకే భాషలో ఇంత తేడా ఉంటే, శ్రీకాకుళంలోనో సిద్దిపేటలోనో పెరిగిన కుర్రాడి ఇంగ్లిష్ ఆ యంత్రానికి ఎలా వినిపిస్తుందో ఊహించవచ్చు. 2022లో సోనీ ప్లేస్టేషన్ 5 మీద మాటల ఆదేశాలను ప్రయోగాత్మకంగా మొదలుపెట్టినప్పుడు అవకాశం దక్కింది అమెరికా, బ్రిటన్ వాడకందారులకే, అదీ ఇంగ్లిష్‌లోనే.

తెలుగు మాటను యంత్రం గుర్తుపట్టలేదన్న సాకు ఇప్పుడు చెల్లదు. గూగుల్ 2017 ఆగస్టులోనే తెలుగులో మాటతో టైపు చేసే వీలు కల్పించింది. ఆటకు అంత విస్తారమైన గుర్తింపు కూడా అక్కర్లేదు. ఎండ్‌వార్ పద్ధతిలో కొద్దిపాటి ఆదేశాలు చాలు. "ఆగు", "ఆగండి", "ఆగుర్రి" మూడింటినీ ఒకే ఆదేశంగా తీసుకునేలా చేస్తే కోస్తా పిల్లాడూ తెలంగాణ పిల్లా ఒకే దళాన్ని నడపొచ్చు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఎనిమిది కోట్లమందికి పైగా మాతృభాష ఇది. ఎక్స్‌బాక్స్ తయారుచేసే మైక్రోసాఫ్ట్‌కూ, ఫీఫా ఆటలు చేసిన ఎలక్ట్రానిక్ ఆర్ట్స్‌కూ హైదరాబాద్‌లో పెద్ద కార్యాలయాలున్నాయి. రకరకాల తెలుగు యాసల్లో గొంతులు రికార్డు చేసి పరీక్షించడానికి వాళ్ళు ఊరు దాటి వెళ్ళనక్కర్లేదు. ఫుట్‌బాల్ ఆటలో ఆటగాణ్ణి మార్చడం, దళాన్ని ఆపడం, ముందుకు పంపడం లాంటి పదీ పదిహేను ఆదేశాలతో, బటన్లను ఎక్కడివక్కడే ఉంచి, ఆ పని ఈ ఏడాదే మొదలుపెట్టవచ్చు.