లెక్కకు రాని మనుష్యులు

2025 జూన్ 23వ తేదీ రాత్రి, కతర్‌లోని అల్ ఉదైద్ అమెరికా సైనికస్థావరముమీద ఇరాను క్షిపణులను ప్రయోగించినప్పుడు, కతర్, కువైట్, బహ్రెయిన్, ఎమిరేట్స్ దేశములు కొంతసేపు తమ గగనతలమును మూసివైచినవి. మరునాడే కాల్పుల విరమణ ప్రకటింపబడుటచే పత్రికలకది పండ్రెండు దినముల యుద్ధముగా ముగిసిపోయినది. కాని ఆ రాత్రి జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్, నిజామాబాదు ప్రాంతముల పల్లెలలోను, రాజంపేట, రాయచోటి వైపునను, కోనసీమ లంకలలోను, దోహానుండియో కువైట్‌నుండియో ఫోను ఎప్పుడు మ్రోగునా యని నిద్రమాని కూర్చున్న ఇండ్లెన్నియో కలవు. యుద్ధము ఆగకపోయినయెడల ఆ ఇండ్లవారి బిడ్డలు ఎవరెవరు, ఎచటెచట నున్నారో చెప్పగల పట్టిక యేదైనను మన ప్రభుత్వములయొద్ద నున్నదా? ఈ ప్రశ్నను యుద్ధము లేనినాడే అడుగవలసియున్నది.

1990 ఆగస్టు 2న ఇరాకు సేనలు కువైట్‌ను ఆక్రమించినప్పుడు ఆ దేశమున సుమారు 1,70,000 మంది భారతీయులుండిరి. అప్పటి విదేశాంగమంత్రి ఇందర్ కుమార్ గుజ్రాల్ బాగ్దాదు వెళ్లి సద్దాం హుస్సేనుతో మాటలాడెను. పిమ్మట మనవారు బస్సులలో బాస్రా, బాగ్దాదుల మీదుగా ఎడారి దాటి జోర్డాను రాజధానియగు అమ్మాను చేరగా, ఇంచుమించు రెండు మాసములపాటు ఎయిరిండియా విమానములు ఎడతెగక తిరిగి లక్షకు పైబడిన జనమును స్వదేశమునకు చేర్చినవి. అది మన ప్రభుత్వము చేసిన మంచిపనులలో నొకటి యని నిస్సంకోచముగా చెప్పవచ్చును. ఐనను విమానము దిగిన పిమ్మటి కథ ఎవరికిని పట్టలేదు. వారు కూడబెట్టుకొన్న దీనారులను ఇరాకు ప్రభుత్వము రద్దుచేసెను. జీతపు బకాయిలు కువైట్‌లోనే మిగిలిపోయెను. వెళ్లుటకై చేసిన అప్పుమాత్రము ఊరిలో వడ్డీతో కూడ ఎదురుచూచుచుండెను. నష్టపరిహారమునకై ఐక్యరాజ్యసమితి 1991లో జెనీవాలో ఒక కమిషను నేర్పరచినది గాని, ఆ సొమ్ము బాధితుల చేతికి వచ్చుటకు ఏండ్లు పట్టినది.

ఆ యుద్ధము మన దేశమునకు మరియొక సంగతిని గూడ బోధించినది. చమురు ధర ఎగసి, గల్ఫునుండి వచ్చెడి సొమ్ము సన్నగిల్లుటతో, అప్పటికే బలహీనమై యున్న విదేశమారకనిధి కరగిపోయి, 1991లో 47 టన్నుల బంగారమును ఇంగ్లాండు బ్యాంకునకు తరలించి కుదువబెట్టవలసి వచ్చినది. మేస్త్రీలు, డ్రైవర్లు, ఇంటిపని చేయు స్త్రీలు పంపుకొను చిన్నచిన్న మొత్తములు దేశపు ఖజానాకు ఎంతటి ఊతమో నాడు కండ్లకు కట్టినట్లు తెలిసినది. నేడు అమెరికానుండి వచ్చు సొమ్ము పెరిగినమాట నిజమే. ఐనను రిజర్వు బ్యాంకు అధ్యయనము ప్రకారము 2023-24లో విదేశములనుండి మనకు చేరిన సొమ్ములో సుమారు 38 శాతము గల్ఫు రాజ్యములదే. ఈ సొమ్మును ప్రగతికి నిదర్శనముగా ప్రకటించుకొను పాలకులు, దానిని పంపినవాని క్షేమమును ఏజెంటు దయకు వదలివేయుట ఎంతమాత్రమును న్యాయము కాదు.

చట్టము లేకపోలేదు. 1983నాటి వలసల చట్టమున్నది. పదవ తరగతి చదువనివారు నిర్దిష్టదేశములకు పనికి పోవునెడల అనుమతి తీసికొనవలెనను నియమమున్నది. అట్లు అనుమతి పొందినవారికి ప్రమాదమరణము సంభవించినచో పదిలక్షల రూపాయల బీమా గూడ నున్నది. కాని పల్లెలో జరుగునది వేరు. రెండెకరముల మెట్టలో బోరు ఎండిపోయి, నూటికి రెండు మూడు రూపాయల మిత్తికి అప్పుతెచ్చి ఏజెంటు చేతిలో పోసిన యువకునకు లభించునది తరచుగా విజిట్ వీసా. విమానము దిగినవెంటనే పాసుపోర్టు కఫీలు (పనికి పిలిపించుకొన్న యజమాని) బీరువాలోనికి పోవును. చెప్పిన పని యొకటి, చేయించు పని యొకటి. జీతము చాలక బయటికి వచ్చి వేరొకచోట పని వెదకుకొన్నచో అకామా యను నివాసానుమతి చెల్లక, పత్రములు లేని ‘ఖల్లివెల్లి’ యగును. అంతటితో అతని పేరు ఏ కంపెనీ జాబితాలోను ఉండదు. ఒక గదిలో అంతస్తుల మంచములపై పదిమందితో తలదాచుకొనుచు, పోలీసును చూచిన తప్పుకొను ఆ మనుష్యుడు, క్షిపణులు పడునాడు సహాయకేంద్రము ముందు వరుసలో నిలుచుటకు గూడ జంకును. అతనికి బీమా లేదు. బీమా యున్నవాడైనను, నిప్పులు చెరుగు ఎండలో పనిచేసి వచ్చి రాత్రి నిద్రలోనే గుండె ఆగి చనిపోయినచో అది సహజమరణమే యగును గాని ప్రమాదము కాదు. కనుక కుటుంబమునకు ఆ పదిలక్షలు రావు. ఈ నిబంధనను మార్చుటకు అడ్డమేమున్నదో నాకు బోధపడదు.

ఏజెంటుల దుర్మార్గము ఎంతవరకు పోగలదో 2024లో చూచితిమి. సహాయకుల ఉద్యోగమని నమ్మించి రష్యాకు చేర్చబడిన యువకులు ఉక్రెయిన్ యుద్ధరంగమునకు పంపబడిరి. వారిలో హైదరాబాదు యువకుడొకడు మరణించెను. సి.బి.ఐ. కేసు పెట్టినది, ప్రధానమంత్రి మాస్కోలో ఈ విషయము ప్రస్తావించెను. ఇవన్నియు జరుగవలసినవే, కాని ప్రాణము పోయిన పిమ్మట జరిగినవి.

తెలంగాణ ప్రభుత్వము 2023 డిసెంబరు 7 తరువాత గల్ఫులో మరణించిన కార్మికుల కుటుంబములకు ఐదు లక్షల రూపాయలిచ్చుటకు ఉత్తరువులు జారీ చేసినది. అది మెచ్చదగినదే. ఐతే చనిపోయినవానికి లభించిన ఈ గుర్తింపు బ్రతికి వచ్చినవానికి గూడ లభింపవలెను. కేరళము 1996లోనే ప్రవాసుల కొరకు ప్రత్యేకశాఖ నేర్పరచినది. సంక్షేమమండలి ద్వారా పింఛను నిచ్చుచున్నది. తిరిగివచ్చినవారికి జీవనోపాధి ఋణముల నిప్పించుచున్నది. అంతకంటె తక్కువైన ఏర్పాటుతో మనము తృప్తిపడుటకు హేతువు లేదు. ప్రతి మండలములోను ఎవరు, ఏ దేశమునకు, ఏ ఏజెంటు ద్వారా పోయిరో నమోదుచేయు పుస్తకమొకటి, అకామా లేనివారిని గూడ అందు చేర్చుకొను ఔదార్యము, యుద్ధమువలన వెనుకకు వచ్చినవారి అప్పుపై మారటోరియము, వీనికై ప్రత్యేకనిధి: ఇవి ఒక రాష్ట్రప్రభుత్వమునకు తలకుమించిన భారములు కావు.

అంతవరకు ఇంటివారు చేయగలిగినది కొంతయున్నది. ఏజెంటునకు ఒక్క రూపాయి ఈయకమునుపే అతడు ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో నమోదైనవాడా కాదా యని విచారింపుడు. విజిట్ వీసాపై పనికి పంపుటకు ఒప్పుకొనకుడు. పోవువాని పాసుపోర్టు, వీసా నకళ్లు, యజమాని చిరునామా, ఆ దేశమునందలి మన ఎంబసీ ఫోను నంబరు ఇంట భద్రపరచుకొనుడు. మీ మండలమున గల్ఫువారి పట్టిక యున్నదా యని, ఓటునకు వచ్చిన ప్రతి అభ్యర్థిని అడుగుడు.